పట్టీలు పీకిన తోలు కోటు

కెప్టెన్ గ్రుదీనిన్‌ను పాతిపెట్టిన మర్నాటి నుంచి దళంలోని పైలట్లు ఉస్తీన్యా ముఖం చూడడం మానేశారు. అంతకుముందు ఆమె గుడారం ముందు నిలబడి పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటూ గంటల తరబడి కబుర్లాడినవాళ్ళే ఇప్పుడు ఆ దారిన పోవలసివస్తే పెట్రోలు పీపాల వెనక నుంచి చుట్టు తిరిగి పోతున్నారు. తమ పారాచూట్లు మడవడానికి పక్క దళం నుంచి ఇంకో మనిషిని పిలిపించుకున్నారు. వాడి వేళ్ళు మొద్దు, పనిలో పరధ్యానం. అయినా ఉస్తీన్యా చేతులకన్నా వాడి చేతులే నయమనుకున్నారు. ఆమె మడిచిన పారాచూట్ గొడుగు విప్పుకోకపోవడమన్నది యుద్ధం మొదలైన దగ్గర్నుంచి ఎన్నడూ జరగలేదు. ఇప్పుడు జరిగిందంటే అందరూ నమ్మారు. నమ్మడానికి ఒక్క పూట కూడా పట్టలేదు. ఉస్తీన్యా కడుపు మండింది ముఖ్యంగా అందుకే.

జరిగిందని చెప్పినవాడు మేజర్ షులేపోవ్. దళానికి తిండీ, బట్టా, బూట్లూ, పెట్రోలూ అన్నీ ఆయన చేతిమీదుగానే రావాలి. కెప్టెన్ విమానం క్రిమ్‌స్కయా వైపు మబ్బుల్లో అంటుకుందనీ, కెప్టెన్ దూకాడనీ, గొడుగు విప్పుకోక మన కాల్బలం కందకాల ముందు రెల్లుదుబ్బుల్లో పడ్డాడనీ ఆయనే వచ్చి చెప్పాడు. లారీ వేసుకుపోయి శవాన్ని తెచ్చిందీ ఆయనే. పెట్టెకు మేకులు కొట్టించి, "లోపల చూడ్డానికేం మిగల్లేదు, తెరవకండి బాబూ, మీకు నిద్రపట్టదు" అంటూ కళ్ళు తుడుచుకున్నదీ ఆయనే. ఎవరూ తెరవలేదు. ఆ వారం చివర ఉస్తీన్యాను సైనిక న్యాయస్థానానికి పంపుతారు. నిర్లక్ష్యంగా మడిచి పైలట్ ప్రాణం తీసిన మనిషికి అక్కడ ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. గోడకు నిలబెట్టి కాలుస్తారు.

ఉస్తీన్యా కొవ్తూన్ కుబాన్ కొసాకుల ఇంటి మనిషి, ముప్పై నిండాయి. ఆమె నోటికి జడిసి వంటవాడు ఆమె గిన్నెలో ఎప్పుడూ అడుగు నుంచి తోడి, మాంసం ముక్క పడేలా పోస్తాడు. భర్త యుద్ధం మొదటి ఏడాదే పోయాడు. ఊరిని జర్మన్లు తగలబెట్టారు. ఏడవవలసిందంతా ఆమె అప్పుడే ఏడ్చేసింది, అందుకే ఇప్పుడు కన్నీళ్ళు రాలేదు, ఒళ్ళుమంట మాత్రమే వచ్చింది. అంతకన్నా అన్యాయం ఏమిటంటే, ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆమెకే అనుమానం వచ్చేది. ఆ పొద్దున తను ఏం ఆలోచిస్తూ మడిచింది? ఏ తాడైనా మెలిక పడిందా? గుడారం తడిసి పట్టుబట్ట చెమ్మగిల్లిందా? తన చేతులను తనే అనుమానించే గతి పట్టించారు. అందుకు ఆమె ఎవరినీ క్షమించదలుచుకోలేదు.

దూకి బతికివచ్చిన పైలట్ తన గొడుగు మడిచిన మనిషి దగ్గరికి వచ్చి, రెండు చేతులూ ముద్దుపెట్టుకుని, ఆ పూట తన వంతు వోద్కా ఆమెకు పొయ్యడం ఆ దళంలో ఆచారం. మార్చి నెలలో గ్రుదీనిన్ అలాగే వచ్చాడు. కనుబొమ్మలు కాలిపోయి ఉన్నాయి. "ఉస్తీన్యా, నీ చేతులు ఉల్లిపాయ కంపు కొడుతున్నాయి, అయినా ముద్దు పెట్టాలి, తప్పదు" అన్నాడు. "కంపయితే ఈసారి కిందపడి చావు" అంది ఆమె. అందరూ పడీపడీ నవ్వారు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే ఆమెకు తన నాలుక తనే కొరుక్కోవాలనిపించింది.

పాతిపెట్టిన మూడోనాడు, ఎండ బాగా ముదిరాక, ఒక కొత్త పైలట్ ఆమె గుడారంలోకి తల పెట్టాడు. ముందురోజు సాయంత్రమే దళంలో చేరినవాడు, పేరు క్లిమ్ యెరోఖిన్. పొడుగుమనిషి, చెవులు పెద్దవి. ఒంటిమీద తోలు కోటు ఉంది.

"సూదీ దారం పట్టే అక్కవి నువ్వేనా?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నీ గురించి అడిగితే అందరూ ఆకాశంలోకి చూస్తున్నారు. బయటినుంచి కుట్టుమిషను కనపడింది, వచ్చేశా."

"నా పేరు వింటే నువ్వూ ఆకాశంలోకే చూస్తావులే. ఏం కావాలి?"

"కోటు బాగానే ఉంది కానీ వీపు మధ్యలో ముల్లులా ఏదో గుచ్చుతోంది. విమానంలో కూర్చుంటే ఇంకా గుచ్చుతుంది కదా. మేజర్ గారు ఇచ్చేటప్పుడే చెప్పారు, కొత్తదే, దారిలో ఎలుక కొట్టిందని."

"ఎలుకా?"

"అమెరికా ఎలుక అయ్యుంటుంది. తోలు తిన్నదంటే."

ఉస్తీన్యా నవ్వలేదు. "విప్పు" అంది. వాడు విప్పి ఇచ్చాడు.

ఆ కోట్లు అమెరికా విమానాలతోపాటు వచ్చినవి. ఇరాన్ మీదుగా వచ్చే ఒక్కొక్క విమానంలో పైలట్ కూర్చునే చోట ఒక్కొక్క కోటు మడతపెట్టి ఉండేది. మెత్తటి గోధుమరంగు తోలు, నడుముకు ఊలు అల్లిక, మెడ వెనక పరాయి అక్షరాల గుడ్డముక్క. సగం కోట్లు దారిలోనే మాయమై వెనక ఎక్కడో ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళ ఒంటిమీద తేలాయి. మిగిలినవి దళానికి చేరేసరికి పైలట్లు వాటిని పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశారు.

ఉస్తీన్యా కోటును తిరగేసింది. వీపు మధ్య, ఎడమకు కాస్త పక్కగా, బొటనవేలంత తోలు అతుకు ఉంది. బూటు తోలు కోసి, చెప్పులు కుట్టే దారంతో హడావుడిగా వేసిన అతుకు. ముడి లోపలికి పొడుచుకొచ్చింది, క్లిమ్ వీపును గుచ్చేది అదే. ఆమె కత్తి తీసుకుని ముడి కోయబోయి ఆగింది. ఆమె ఎడమచెయ్యి కోటు భుజం మీద ఉంది. వేళ్ళ కింద గరుకుగా తగిలింది. చూసింది. భుజం అంచున చిన్నచిన్న సూది బొక్కలు వరసగా ఉన్నాయి. రెండో భుజానికీ అంతే.

ఆ బొక్కలు ఆమె పొడిచినవే.

కోట్లు వచ్చిన కొత్తలో మొదట వచ్చి అడిగినవాడు గ్రుదీనిన్. "ఇది తొడుక్కుంటే లోపల చొక్కా మీది భుజం పట్టీలు కనపడవు. నక్షత్రం కనపడదు. కిందపడ్డానంటే మనవాళ్ళే నన్ను జర్మనీవాడనుకుని కాలుస్తారు. పట్టీలు పైకి కుట్టిపెట్టు తల్లీ" అన్నాడు. ఆమె పట్టీలు పైన కుట్టింది, రొమ్ము మీద ఎర్ర నక్షత్రం కూడా వేసింది. ఆయన్ను చూసి మిగతావాళ్ళంతా కుట్టించుకున్నారు. వారం తిరగకుండా మేజర్ షులేపోవ్ అందరినీ వరసలో నిలబెట్టి కళ్ళెర్రజేశాడు. ఇది దేశానికి అప్పుగా వచ్చిన ఆస్తి అన్నాడు. యుద్ధం అయ్యాక వాళ్ళు తిరిగి అడిగితే ఈ బొక్కలకు ఎవరు జవాబు చెప్తారన్నాడు. గ్రుదీనిన్ వాదించాడు. "వాళ్ళు తిరిగి అడిగేసరికి నేను బతికుంటే నేనే చెప్తా జవాబు" అన్నాడు. మేజర్ వినలేదు, రెండు రోజుల్లో పట్టీలన్నీ ఊడాలన్నాడు. ఊడదీసిందీ ఉస్తీన్యాయే. ఒక్కొక్క కుట్టూ కోస్తూ మేజర్ ఏడు తరాలనూ తిట్టింది, కానీ కోసింది.

ఇప్పుడు ఆమె లెక్క చాలా సూటిగా ఉంది. భుజాల మీద బొక్కలున్న కోట్లన్నీ బతికున్న పైలట్ల వీపుల మీదే ఉన్నాయి. ఏప్రిల్‌లో పోయిన ఇద్దరూ కోట్లతో సహా విమానంలోనే బూడిదయ్యారు. మేజర్ కొట్టులోంచి బొక్కలున్న కోటు బయటికి వచ్చిందంటే అది ఒక్కరిదే కావాలి.

కత్తితో అస్తరు కోసింది. ఉతికారు, గట్టిగానే ఉతికారు, అయినా తోలు లోపలి వైపు అరచెయ్యంత నల్లటి మరక మిగిలింది. అతుకు పీకేసింది. కింద గుండ్రటి చిన్న బొక్క బయటపడింది. ఆమె అందులోకి చిటికెనవేలు దూర్చి చూసింది.

"ఎలుక కాదా అక్కా?" అన్నాడు క్లిమ్, బొక్క వైపు చూస్తూ.

"ఎలుకే. నాతో రా, చూపిస్తా."

మధ్యాహ్నం భోజనాల వేళ. తుమ్మచెట్ల నీడలో పొడవాటి బల్ల, చెట్ల నిండా తెల్లటి పూలు, గిన్నెల్లో ఎర్ర దుంపల పులుసు. ఒక గిన్నె నిండా పోసి, దాని మీద రొట్టెముక్క పెట్టి, ఎవరూ ముట్టకుండా వదిలేశారు. అది కెప్టెన్ గ్రుదీనిన్ గిన్నె. దాని పక్కన సాత్కిన్ కూర్చున్నాడు. తలాస్ లోయనుంచి వచ్చిన కిర్గిజ్ కుర్రాడు, గాలిలో కెప్టెన్ వెనకే ఎగిరే జోడీ పైలట్. మబ్బులో కెప్టెన్‌ను పోగొట్టుకున్నాడు, బయటికి వచ్చి చూసేసరికి కిందికి పోతున్న మంట ఒక్కటే కనపడింది. ఆ రోజునుంచి ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడడం లేదు.

బల్ల చివర కల్నల్ ద్యోమిన్ కూర్చున్నాడు. పైలట్లు ఆయన్ను చాటుగా నాయన అంటారు. ఆయన పక్కనే మేజర్ షులేపోవ్ రొట్టె ముంచుకు తింటున్నాడు.

ఉస్తీన్యాను చూడగానే మాటలు ఆగిపోయాయి. ఆమె తిన్నగా సాత్కిన్ దగ్గరికి పోయింది.

"లే."

"అక్కా, ఇప్పుడొద్దు."

"అక్కా అనే నోరు మూడు రోజులు ఎక్కడ పెట్టుకున్నావురా? లే, చూడు."

గిన్నెలు పక్కకు నెట్టి కోటును బల్లమీద పరిచింది. పులుసు ఒలికింది. ఎవరో సణిగారు.

"ఇది ఎవరిది?" అంది అందరినీ చూస్తూ.

"నాదే. నిన్న ఇచ్చారు" అన్నాడు వెనకనుంచి క్లిమ్, తప్పు చేసినవాడిలా.

"భుజాల మీద చెయ్యి పెట్టి చూడండి. బొక్కలు తగులుతాయి. మీకు పట్టీలు కుట్టి, మళ్ళీ పీకింది నేనే కదా. ఆ బొక్కలున్న కోట్లన్నీ మీ వీపుల మీదే ఉన్నాయి. ఇది ఎవరి వీపుమీంచి వచ్చింది? చెప్పండి, మీరంతా చదువుకున్న మారాజులు కదా."

పైలట్లు అనుకోకుండానే ఎవరి భుజం వాళ్ళు తడుముకున్నారు. సాత్కిన్ లేచి నిలబడ్డాడు. వేలితో బొక్క చుట్టూ తడిమాడు, కోటు ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. ముఖం పాలిపోయింది.

"వీపులో తగిలింది" అన్నాడు.

"ఏం తగిలింది?"

"విమానం తూటా కాదు. అదైతే ఈ కోటు రెండు ముక్కలయ్యేది. ఇది రైఫిలు. నేలమీంచి కాల్చింది."

"వినపడిందా? ఇంకోటి కూడా చెప్పండి నాకు. గొడుగు విప్పుకోకుండా మబ్బుల్లోంచి పడ్డ మనిషి. పెట్టెలో చూడ్డానికి ఏం మిగల్లేదట. మనిషి మిగల్లేదు, కోటు మాత్రం పెళ్ళికొడుక్కి పెట్టే కోటులా మిగిలిందా?"

బల్ల చివర మేజర్ షులేపోవ్ నమలడం ఆపాడు. కానీ ఆయన తేలిగ్గా తడబడే మనిషి కాదు. మూతి తుడుచుకుని నెమ్మదిగానే మాట్లాడాడు.

"సార్జెంట్ కొవ్తూన్. నీ బాధ నాకు తెలుసు, నీ మీద కేసు ఉంది, నీకు ఎవరో ఒకరు కావాలి. కొట్టులో చాలా సామాను ఉంటుంది. ఆ కోటు ఎవరిదో నాకెలా తెలుస్తుంది?"

"ఎలుక కొట్టిందని తెలిసింది కదా మీకు."

కొందరు తలలు దించుకున్నారు. మేజర్ మెడ ఎర్రబడింది.

"పోనీ కెప్టెన్‌దే అనుకో. దూకేముందే జర్మనీవాడి తూటా తగిలి ఉంటుంది. గొడుగు విప్పుకోలేదన్నది అప్పుడూ నిజమే."

"రైఫిలు పట్టుకుని జర్మనీవాడు విమానంలో ఎగురుతున్నాడా?" అన్నాడు సాత్కిన్. మూడు రోజుల తరవాత వాడి గొంతు అందరికీ కొత్తగా వినపడింది.

"నువ్వు నోరు ముయ్యి. జోడీని మబ్బులో వదిలేసి వచ్చినవాడివి."

సాత్కిన్ కూలబడ్డాడు. ఆ మాటతో ఉస్తీన్యాకు మిగిలిన కాస్త ఓర్పూ పోయింది. కానీ ఆమె అరవలేదు. గొంతు తగ్గించింది, అది ఆమెను ఎరిగినవాళ్ళకు ఇంకా భయం.

"సరే కామ్రేడ్ మేజర్. మీరు చెప్పిందే నిజం. గొడుగు నా వల్లే విప్పుకోలేదు. ఇప్పుడే, కల్నల్ గారి ముందే ఒప్పుకుంటా, వారం చివరిదాకా కూడా ఆగక్కర్లేదు, నన్ను ఇవాళే గోడకు నిలబెట్టండి. మీరు ఒక్క పని చేస్తే చాలు. మీ చొక్కా మీద ఈ కోటు వేసుకోండి. టోపీ ఇక్కడే వదిలెయ్యండి. లారీలో గంట దారి, నేనే తీసుకుపోతా. కెప్టెన్ పడ్డ ఆ రెల్లుదుబ్బుల్లోంచి లేచి మన కాల్బలం కందకాల వైపు నడిచి రండి. పట్టపగలే. మన కందకాలే, మనవాళ్ళే. మంచి కోటు, దేశం ఆస్తి. ఇది వేసుకుంటే మనవాళ్ళు మిమ్మల్ని ఎందుకు కాలుస్తారు?"

మేజర్ కోటు వైపు చూశాడు. చెంచా ఆయన చేతిలోనే ఉంది.

క్లిమ్‌కు సంగతి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే, మేజర్ కోటు వేసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళకు పట్టినట్టే కోటును కాలరు దగ్గర రెండు చేతులా పట్టుకుని, విప్పి, మేజర్ వెనక నిలబడ్డాడు.

"చేతులు పెట్టండి కామ్రేడ్ మేజర్."

మేజర్ బల్ల దగ్గర్నుంచి ఎంత వేగంగా లేచాడంటే కూర్చున్న బెంచీ వెనక్కి పడింది. ఆ కోటు నిప్పయినట్టు రెండడుగులు పక్కకు తప్పుకున్నాడు. బల్ల పొడుగునా ఒక్క ముఖం కూడా వేరే వైపు తిరగలేదు. ఆ దళంలో జనం ముఖాముఖీ చూసి మూడు రోజులైంది.

కల్నల్ ద్యోమిన్ సిగరెట్ ఆర్పి మేజర్‌ను పేరు పెట్టి పిలిచాడు.

"ఎవరు కాల్చారు పోర్ఫీరీ?"

"కామ్రేడ్ కల్నల్, ఇక్కడ, అందరి ముందూ..."

"అందరి ముందే."

మేజర్ చొక్కా గుండీ ఒకటి విప్పుకున్నాడు. "మనవాళ్ళే" అన్నాడు. "కాల్బలం కుర్రాళ్ళు. గొడుగుమీద దిగాడు, బాగానే దిగాడు. గాలికి కందకాల ముందుకు కొట్టుకుపోయాడు. ఒంటిమీద తోలు, పట్టీల్లేవు, నక్షత్రం లేదు. మనవాణ్ణే అని చేతులూపుతూ లేచాడట. ఇంతలో అటునుంచి జర్మన్లు కాల్చడం మొదలెట్టారు, అటు తిరిగి పడుకోబోయాడు, మనవాళ్ళు పారిపోతున్నాడనుకున్నారు. వాళ్ళ లెఫ్టినెంటే మోసుకొచ్చి నాకు అప్పగించాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమనాలి? దాడి ఈ వారంలోనే ఉంది. నిజం చెప్తే ఆ ప్లటూను మొత్తాన్ని గోడకు నిలబెడతారు. ముప్ఫై మంది. తుపాకీ పట్టగలిగినవాళ్ళు. నేను మనసు రాయి చేసుకుని ఆలోచించా. ముప్ఫై మంది అటు, గొడుగులు మడిచే ఒక్క ఆడమనిషి ఇటు. మీరైతే ఏం చేసేవారు?"

మాటలో న్యాయం ఉన్నట్టే వినపడింది. అందులోనే ఉంది దుర్మార్గమంతా. ఒకరిద్దరు పైలట్లు ఆలోచనలో పడ్డట్టు బల్ల వైపు చూడడం కూడా ఉస్తీన్యా గమనించింది.

"ముప్ఫై మంది అటు. నేనిటు" అంది ఆమె. "మరి ఆ తక్కెట్లో నువ్వెక్కడున్నావు? పట్టీలు పీకించినవాడివి నువ్వు. అటు లేవు, ఇటు లేవు. తక్కెడ పట్టుకుని నిలబడ్డావు."

మేజర్‌ను నువ్వు అన్నందుకు ఎవరూ ఆమెను ఆపలేదు.

"ఆ ఉత్తర్వు పైనుంచి..." మొదలుపెట్టాడు ఆయన.

"పైనుంచి ఏం రాలేదు. నీ కొట్టులోంచి వచ్చింది. ఆయన నీకు చెప్పాడు. వరసలో నిలబడి, నీ ముఖం మీదే చెప్పాడు. చచ్చాక కూడా ఆయన్ను వదల్లేదు, ఒలిచావు. ఒలిచి, రక్తం కడిగి, అతుకేసి, ఈ పిల్లాడికి తొడిగి పైకి పంపుతున్నావు. పాతిపెట్టేటప్పుడు ఆయన ఒంటిమీదే వదిలేస్తే నీ సొమ్మేం పోయేది? నాకు ఈ జన్మలో తెలిసేదే కాదు. తోలు మట్టిలో పోతుందని ప్రాణం ఒప్పలేదు, అంతేనా?"

"మంచి కోటు" అన్నాడు మేజర్. అది ఆయన దాచాలనుకున్న మాట కాదు, నిజంగా అనుకున్న మాట. "వృథాగా ఎందుకు పోవాలి?"

కల్నల్ లేచి ఉస్తీన్యా ముందుకు వచ్చాడు. కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. ఈ యుద్ధంలో ఆయన పాతిపెట్టిన కుర్రాళ్ళు తక్కువేం కాదు.

"నీ మీద కేసు లేదు. ఇవాళే రద్దు చేయిస్తా. నీ గొడుగు విప్పుకుంది, అందరూ విన్నారు. కెప్టెన్ గాలిలో పోరాడుతూ చనిపోయాడని వాళ్ళమ్మకు రాస్తాం."

"అది కూడా అబద్ధమే కదా."

"అబద్ధమే. ఆ ముప్ఫై మందినీ చంపించమంటావా?"

"వద్దు. వాళ్ళు కళ్ళకు కనపడింది నమ్మారు. ఆ లెఫ్టినెంటు ఏడ్చాడు. ఈయన ఏడ్చింది మాత్రం దొంగ ఏడుపే. ఈయన్నేం చేస్తారు?"

కల్నల్ పెట్రోలు పీపాల వైపు చూశాడు. "దాడి అవనీ. అప్పుడు చూద్దాం" అన్నాడు.

"అప్పుడెందుకు?"

"పెట్రోలు ఎవరు తెస్తారు ఉస్తీన్యా? రేపు పొద్దున విమానాలు దేంతో లేస్తాయి? ఎక్కడ ఏ పీపా ఉందో, ఎవడికి ఏది ఇస్తే లారీ కదులుతుందో ఆయనకు తప్ప ఇక్కడ ఎవడికీ తెలీదు. నాకూ తెలీదు."

"అయితే ఆయన ఇదే బల్ల దగ్గర కూర్చుని ఇదే పులుసు తాగుతాడు."

"తాగుతాడు."

"చాలదు నాయనా" అంది ఉస్తీన్యా. ముఖం మీద ఆ పేరుతో పిలిచినవాళ్ళు అంతవరకూ లేరు.

"చాలదు. నాకూ తెలుసు" అన్నాడాయన.

మేజర్ షులేపోవ్ అప్పటికే కొంత తేరుకున్నాడు. పడిపోయిన బెంచీని ఎత్తి నిలబెట్టాడు. తన అవసరం ఎంతుందో తన ముందే చెప్పారు కదా, ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. ఉస్తీన్యా ఆ రంగు చూసింది. చేతికి ఏదైనా దొరికితే ఆ క్షణంలో ఆయన తల పగలగొట్టేదే. కానీ అదే సమయంలో మైదానం అవతల ఆకుపచ్చ వెలుగు చువ్వలా లేచింది. విమానాలు వెంటనే పైకి లేవాలని గుర్తు అది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా కదిలారు.

సాత్కిన్ పరుగెత్తలేదు. తోలు కోటు విప్పి మేజర్ కాళ్ళ దగ్గర నేలమీద పడేశాడు. చొక్కా మీద నీలి అంచు పట్టీలు ఎండలో కనపడ్డాయి. తరవాత ఉస్తీన్యా గుడారం వైపు పరుగెత్తాడు, ఆమె మడిచిన తన పాత గొడుగు కోసం.

వాడి వెనక ఇంకొకడు కోటు విప్పి పడేశాడు. తరవాత ఇంకొకడు. నడుస్తూ నడుస్తూనే చేతులు లాక్కుని దుమ్ములోకి విసిరారు. పైన అయిదు కిలోమీటర్ల ఎత్తున చలికి వేళ్ళు కొంకర్లు పోతాయని వాళ్ళందరికీ తెలుసు. పలచటి చొక్కాలతోనే పోయారు. క్లిమ్ చేతిలో కెప్టెన్ కోటు ఇంకా అలాగే ఉంది. వాడు ఒకసారి ఉస్తీన్యా వైపు చూసి, దాన్ని కెప్టెన్ గిన్నె పక్కన బల్లమీద మడిచిపెట్టి పరుగెత్తాడు.

ఉస్తీన్యా గుడారం దగ్గరికి చేరేసరికి పైలట్లు ఆమె అల్మరాలోంచి గొడుగులు లాక్కుంటున్నారు. ఒక్కొక్కణ్ణీ తన వైపు తిప్పుకుని పట్టాలు బిగించింది. కోపమంతా ఆ పట్టాల మీదే చూపించింది. "ఊపిరాడట్లేదక్కా" అన్నాడు సాత్కిన్. "ఆడకపోతే పోనీ" అంది. మూడు రోజులు తన గుడారం చుట్టు తిరిగి పోయినవాళ్ళను ఆమె ఇంకా క్షమించలేదు. క్షమించడానికి తొందరేమీ లేదు, ముందు వాళ్ళు తిరిగి రావాలి.

ఇంజన్లు లేచాయి. దుమ్ము తుమ్మచెట్ల దాకా కొట్టింది. చివరి విమానం చక్రాలు నేల వదిలాక ఆమె బల్ల దగ్గరికి తిరిగివచ్చింది.

కల్నల్ వెళ్ళిపోయాడు. మేజర్ షులేపోవ్ ఒక్కడే ఉన్నాడు. వంగి నేలమీది కోట్లను ఏరుతున్నాడు. ఒక్కొక్కటీ ఎత్తి, దుమ్ము దులిపి, చేతులు లోపలికి మడిచి, ఒకదాని మీద ఒకటి శుభ్రంగా పేరుస్తున్నాడు. అడుగుల చప్పుడు విని తలెత్తి చూశాడు.

"రాత్రికి మంచు పడితే తోలు పాడవుతుంది" అన్నాడు.

ఉస్తీన్యా బూటు ఎత్తి ఆ దొంతరను ఒక్క తన్ను తన్నింది. కోట్లు చెల్లాచెదరై పడ్డాయి. మేజర్ ఆమెను చూశాడు, కోట్లను చూశాడు, మళ్ళీ వంగాడు. ఆమె మళ్ళీ తన్నింది.